సగం మంది ఓటే వేయలేదన్న లెక్క ఎంతవరకు నిజం? శివార్ల ఓటుపై పాఠకుల ప్రశ్నలు

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం హైదరాబాద్ శివార్లలోని మల్కాజిగిరి, శేరిలింగంపల్లి వైపు నుంచి వచ్చినవే. 2019 లోక్‌సభకు కాంగ్రెస్, 2023 శాసనసభకు ఏడు సెగ్మెంట్లలోనూ బీఆర్ఎస్, ఆర్నెల్లు తిరగకుండానే 2024 లోక్‌సభకు బీజేపీ గెలిచిన మల్కాజిగిరి గురించి ప్రశ్నలు రాకపోతేనే వింత. ఏ పార్టీ మంచిది అన్న చర్చ ఈ శీర్షికలో చేయం. ఓట్లు, జాబితాలు, ఫారాల వరకే మా జవాబులు.

ప్రశ్న: 2024 మే ఎన్నికల్లో భువనగిరిలో 76.78 శాతం పోలింగ్. ఆనుకునే ఉన్న మా మల్కాజిగిరిలో 50.78 శాతం. చదువుకున్నవాళ్లకే బాధ్యత లేదని అందరూ తిడుతున్నారు. నిజంగా మాలో సగం మంది ఇంట్లో కూర్చున్నారా? (ఉప్పల్ పాఠకురాలు)

కూర్చున్నవాళ్లు ఉన్నారు. అయితే సగం మంది కాదు. పోలింగ్ శాతం ఒక భిన్నం. పైన ఉన్నది పోలైన ఓట్లు. అది యంత్రం లెక్కపెట్టిన సంఖ్య, దాదాపు ఒక్క ఓటు కూడా తేడా రాదు. కింద ఉన్నది జాబితాలోని పేర్లు. శివార్లలో గడబిడంతా ఈ కింది అంకెలోనే ఉంటుంది.

ఊళ్లో ఎవరు పోయారో, ఏ పిల్ల పెళ్లయి అత్తవారింటికి వెళ్లిందో బూత్ స్థాయి అధికారికి అడక్కుండానే తెలుస్తుంది. శివారు కాలనీలో మూడో అంతస్తులో అద్దెకున్నవాళ్లు రెండేళ్లకు ఖాళీ చేసి వెళ్తే ఇంటి ఓనరుకే కొత్త చిరునామా తెలియదు. పేరు మాత్రం జాబితాలో ఉండిపోతుంది. వెళ్లినచోట వాళ్లు చిరునామా మార్పుకు ఫారం 8 పెట్టకుండా, కొత్త ఓటరులా ఫారం 6 నింపేస్తారు. ఒక మనిషి, రెండు పేర్లు.

ఇక సొంతూరి ఓటు సంగతి. ఉప్పల్, ఎల్.బి. నగర్ వైపు నల్గొండ, భువనగిరి ప్రాంతాల నుంచి వచ్చి స్థిరపడినవాళ్లు ఎక్కువ. రెండుచోట్లా పేరున్న మనిషి ఊరెళ్లి ఓటేస్తే భువనగిరి లెక్కలో పైనా కిందా ఒక్కొక్కటి కలుస్తుంది. మల్కాజిగిరిలో కింద మాత్రమే కలుస్తుంది. అదే మనిషి అక్కడ శాతాన్ని పెంచాడు, ఇక్కడ తగ్గించాడు. పక్కపక్క నియోజకవర్గాల మధ్య 26 పాయింట్ల తేడా కనిపించినప్పుడు దాన్ని మొత్తంగా బద్ధకం ఖాతాలో వేయడం అన్యాయం.

మీ నియోజకవర్గం అంకెలే చూడండి. 2019లో ఓటర్లు దాదాపు 31.5 లక్షలు, పోలింగ్ 49.63 శాతం. 2024లో ఓటర్లు దాదాపు 37.8 లక్షలు, పోలింగ్ 50.78 శాతం. శాతం చూస్తే ఒక్క పాయింటు పెరిగింది, ఏమీ మారలేదనిపిస్తుంది. ఓట్లు లెక్కేస్తే 15.6 లక్షల నుంచి 19.2 లక్షలకు చేరాయి. మూడున్నర లక్షల మంది అదనంగా వచ్చి వరుసలో నిలబడ్డారు. శాతం ఆ సంగతిని దాచేసింది.

ఒక బూత్‌ను ఊహించుకుందాం. జాబితాలో 1,100 పేర్లు, పోలైనవి 540. అంటే 49 శాతం. ఇంటింటికీ తిరిగితే 140 మంది ఖాళీ చేసి వెళ్లారని, 35 మంది చనిపోయారని, 60 పేర్లు రెండోసారి వచ్చినవని తేలిందనుకోండి. ఉన్నవాళ్లు 865. అదే 540 ఓట్లకు ఇప్పుడు 62 శాతం పైనే. ఓటరు మారలేదు, భాగహారం మారింది.

మిగిలిన 38 శాతం మాటేమిటంటే, దానికి సాకు లేదు. 2024 మే 13 సోమవారం. శని, ఆదివారాలు కలిస్తే మూడు రోజుల సెలవు. ఆంధ్రప్రదేశ్‌లో శాసనసభకు, లోక్‌సభకు కూడా అదే రోజు పోలింగ్. బస్సులు అటువైపు నిండిపోయాయి. అక్కడ పోస్టల్ ఓట్లతో కలిపి 81.86 శాతం నమోదవడంలో మన శివార్ల నుంచి వెళ్లినవాళ్ల పాలూ ఉంది.

ప్రశ్న: అయితే జాబితాను శుభ్రం చేస్తే శాతం దానంతటదే పెరుగుతుందన్నమాట? (ఘట్‌కేసర్ పాఠకుడు)

కొంతవరకు. బీహార్‌లో 2025లో ప్రత్యేక సమగ్ర సవరణకు ముందు 7.89 కోట్ల పేర్లున్నాయి. సవరణ తర్వాత తుది జాబితాలో 7.42 కోట్లు మిగిలాయి. ఆ నవంబరులో పోలింగ్ దాదాపు 67 శాతం. 2020లో అది 57 శాతం చిల్లర. పోలైన సుమారు 5 కోట్ల ఓట్లను పాత 7.89 కోట్లతో భాగిస్తే 63 శాతం వస్తుంది. అంటే పెరిగిన పది పాయింట్లలో నాలుగు దాకా జాబితా తగ్గడం వల్ల వచ్చినవి, మిగిలినవి నిజంగా అదనంగా వచ్చిన ఓట్లు. రెండింటినీ కలిపి జనచైతన్యం అనడం ఎంత తప్పో, మొత్తం జాబితా గారడీ అనడమూ అంతే తప్పు.

శుభ్రం చేసే ఊపులో ఉన్నవాళ్ల పేర్లు పోయే ప్రమాదమూ ఉంది. అది తర్వాతి జవాబులో.

ప్రశ్న: మా కాలనీ సంక్షేమ సంఘం తరఫున మా బూత్ జాబితా సరిచూద్దామనుకుంటున్నాం. ఎక్కడ మొదలుపెట్టాలి? (కుత్బుల్లాపూర్ నుంచి ఒక సంఘం కార్యదర్శి)

రాష్ట్ర ప్రధాన ఎన్నికల అధికారి వెబ్‌సైట్‌లో జిల్లా, నియోజకవర్గం ఎంచుకుంటే భాగాల వారీగా జాబితాలు వస్తాయి. ఒక భాగమంటే ఒక పోలింగ్ కేంద్రానికి చెందిన ఓటర్లు. ఆ పీడీఎఫ్‌లు బొమ్మల రూపంలో ఉంటాయి కాబట్టి పేరు కొట్టి వెతికితే దొరకదు. అచ్చు వేయించుకోవడమే మేలు. మొదటి పేజీలో ఆ భాగం కిందికి ఏ వీధులు, ఏ ఇళ్లు వస్తాయో, స్త్రీలు, పురుషులు, ఇతరులు ఎందరో ఉంటుంది. ముందు ఆ వీధులు మీ కాలనీవేనా చూసుకోండి. ఒకే కాలనీ మూడు భాగాల్లో చీలి ఉండడం శివార్లలో మామూలే.

చివర్లో అనుబంధ జాబితా ఉంటుంది. కొత్తగా చేరినవాళ్లు, తొలగించినవాళ్లు అందులో కనిపిస్తారు. తొలగించిన పేరు పక్కన ఆంగ్ల అక్షరం ఉంటుంది. ఇ అంటే చనిపోయారు, ఎస్ అంటే వేరేచోటికి మారారు, ఆర్ అంటే రెండోసారి వచ్చిన పేరు. చాలామంది ఈ పేజీలు చూడకుండా మొదటి పేజీల్లోని పేర్లే లెక్కపెట్టి గగ్గోలు పెడతారు.

నలుగురు వాలంటీర్లుంటే వెయ్యి పేర్లు రెండు ఆదివారాల్లో పూర్తవుతాయి. ప్రతి పేరుకూ నాలుగింటిలో ఒక గుర్తు పెట్టండి: ఉన్నారు, ఖాళీ చేశారు, చనిపోయారు, ఎవరికీ తెలియదు. ఈ నాలుగోదాన్ని రెండోదాంట్లో కలపొద్దు. తలుపు తాళం వేసి ఉంటే మరో రోజు, మరో వేళ వెళ్లాలి. రాత్రి షిఫ్టు చేసేవాళ్లు పగలు తలుపు తీయరు, వాళ్లను వెళ్లిపోయినట్టు రాస్తే ఒక నిజమైన ఓటు పోతుంది.

ఒకే ఇంటి నంబరు మీద అరవై పేర్లు కనబడగానే దొంగ ఓట్లని కేకలు వేయకండి. ఇంటి నంబరు రాని అపార్ట్‌మెంటుకు మొత్తం ప్లాటు నంబరే పడుతుంది, లేదంటే అది హాస్టల్ అయి ఉంటుంది. పాత నంబరు, కొత్త నంబరు, సున్నా నంబరు కలగాపులగమైన చోట ఇలాంటివి వందలు. అనుమానం రావడానికి అది కారణమే, రుజువు మాత్రం కాదు.

తొలగింపుకు ఫారం 7. అదే నియోజకవర్గం జాబితాలో పేరున్నవాళ్లే ఇవ్వాలి. సంఘం లెటర్‌హెడ్ మీద మూడొందల పేర్లు రాసి ఇస్తే పక్కన పడేస్తారు, పడేయాలి కూడా. ఒక్కో పేరుకు ఒక్కో ఫారం, ఇచ్చేవాళ్ల సంతకం ఉండాలి. అబద్ధపు డిక్లరేషన్ ఇస్తే 1950 ప్రజాప్రాతినిధ్య చట్టం 31వ సెక్షన్ కింద ఏడాది వరకు జైలు, లేదా జరిమానా, లేదా రెండూ. వేరేచోటికి మారారన్న కారణంతో పేరు తీసేముందు ఆ వ్యక్తికి నోటీసిచ్చి చెప్పుకునే అవకాశం ఇవ్వాలి. ఓటరు నమోదు అధికారి నిర్ణయం నచ్చకపోతే 15 రోజుల్లోగా జిల్లా అధికారికి, అక్కడా కాకపోతే 30 రోజుల్లోగా రాష్ట్ర ప్రధాన ఎన్నికల అధికారికి అప్పీలు చేసుకోవచ్చు.

ఒక సలహా. అన్ని పార్టీల బూత్ స్థాయి ఏజెంట్లనూ వెంట తీసుకెళ్లండి. ఒక్క పార్టీవాళ్లతో తిరిగితే ఇల్లు ఖాళీ చేసినవాళ్ల పేరు తీయించినా రెండో పార్టీవాళ్లు కుట్ర అంటారు. అయిదొందల ఓట్ల తేడాతో డివిజన్లు చేతులు మారేచోట ఆ మాట ఊరికే పోదు.

ప్రశ్న: మా బూత్‌లో ఏ పార్టీకి ఎన్ని ఓట్లు పడ్డాయో మాకు తెలుసని నాయకులు బెదిరిస్తారు. నిజంగా తెలుస్తుందా? మేమూ చూడొచ్చా? (జీడిమెట్ల పాఠకుడు)

తెలుస్తుంది, మీరూ చూడొచ్చు. మీరు ఎవరికి వేశారన్నది మాత్రం ఎవరికీ తెలియదు. పేపర్ బ్యాలెట్ రోజుల్లో చాలా కేంద్రాల ఓట్లను కలగలిపి లెక్కించే వీలుండేది. ఈవీఎం వచ్చాక కేంద్రం వారీగానే లెక్క తేలుతోంది. పలు యంత్రాల ఓట్లను ఒకేసారి కలిపి చూపే టోటలైజర్‌ను ఎన్నికల సంఘం 2008లోనే ప్రతిపాదించింది, అమల్లోకి రాలేదు.

మీకు కావలసింది ఫారం 20. రిటర్నింగ్ అధికారి తయారుచేసే తుది ఫలితాల పత్రం అది. ప్రధాన ఎన్నికల అధికారి వెబ్‌సైట్‌లో పెడతారు. శాసనసభ ఎన్నికైతే నియోజకవర్గానికి ఒక పత్రం, లోక్‌సభైతే ఒక్కో శాసనసభ సెగ్మెంట్‌కు ఒకటి. అడ్డువరుసలో పోలింగ్ కేంద్రం సంఖ్య, ఒక్కో అభ్యర్థికి పడ్డ ఓట్లు, చెల్లిన మొత్తం, నోటా, చివర్లో టెండర్డ్ ఓట్లు (తమ పేరు మీద ఎవరో ముందే వేసేస్తే అసలు ఓటరు కాగితం మీద వేసేవి) ఉంటాయి. పోస్టల్ ఓట్లు ఏ బూత్‌లోనూ కలవవు, వాటికి కింద విడి వరుస ఉంటుంది.

చూసేటప్పుడు తరచూ జరిగే పొరపాట్లు చెబుతాం. ఫారం 20లో ఆ కేంద్రం మొత్తం ఓటర్ల సంఖ్య ఉండదు. బూత్ పోలింగ్ శాతం కావాలంటే ఆ ఎన్నికకు వాడిన జాబితా మొదటి పేజీ నుంచో, పోలింగ్ కేంద్రంలో పోలైన ఓట్ల లెక్క రాసే ఫారం 17సి నుంచో తెచ్చుకోవాలి. ఈ ఏడాది జాబితాతో రెండేళ్ల కిందటి ఓట్లను భాగిస్తే వచ్చేది చెత్త. అభ్యర్థుల వరుస బ్యాలెట్ మీది క్రమంలో ఉంటుంది కాబట్టి ఒక ఎన్నికలో మూడో నిలువు వరుసలో ఉన్న పార్టీ మరో ఎన్నికలో ఒకటో దాంట్లో ఉండొచ్చు.

అన్నిటికంటే ప్రమాదం బూత్ నంబర్లతో. 2023లో 212వ కేంద్రం 2024లోనూ మీ కాలనీదే అనుకోవద్దు. ఓటర్లు పరిమితి మించితే కేంద్రాన్ని రెండుగా చీలుస్తారు, మధ్యలో కొత్తది చేరితే దాని తర్వాతి నంబర్లన్నీ జరుగుతాయి. కేంద్రానికి 1,500గా ఉన్న పరిమితిని 2025లో 1,200కు తగ్గించారు కాబట్టి పాత నంబర్లతో పోలిక ఇంకా కష్టమవుతుంది. బడి పేరు, గది, వీధులు సరిపోల్చుకుని మీ సొంత పట్టిక రాసుకోండి. పని విసుగే, కానీ ఇది చేయకుండా గీసిన బూత్ మ్యాపుకు విలువ లేదు.

ఫారం 17సి మొదటి భాగాన్ని పోలింగ్ ముగియగానే ప్రిసైడింగ్ అధికారి నింపి, అక్కడున్న ఏజెంట్లకు నకలు ఇస్తారు. ఓటర్ల సంఖ్య, ఓటేయడానికి వచ్చినవాళ్లను నమోదుచేసే 17ఏ రిజిస్టర్‌లో రాసినవాళ్లు, సంతకం పెట్టాక ఓటు వద్దన్నవాళ్లు, యంత్రంలో నమోదైనవి అన్నీ అందులో ఉంటాయి. రిజిస్టర్‌కూ యంత్రానికీ తేడా వస్తే ముందు అడగాల్సింది మాక్ పోల్ గురించి. పోలింగ్‌కు ముందు ఏజెంట్ల ఎదుట కనీసం 50 ఓట్లు వేసి చూపిస్తారు. తర్వాత క్లోజ్, రిజల్ట్, క్లియర్ అన్న మూడు మీటలూ వరుసగా నొక్కాలి. హడావుడిలో క్లియర్ మరిచిపోతే ఆ యాభై ఓట్లూ యంత్రంలోనే ఉంటాయి. తేడా సరిగ్గా యాభై అయితే సంగతేమిటో అర్థం చేసుకోవచ్చు.

ప్రశ్న: 2023 నవంబరులో మా ఏడు సెగ్మెంట్లూ బీఆర్ఎస్‌వి. 2024 మేలో బీజేపీ 3.91 లక్షల మెజారిటీ. బీఆర్ఎస్ ఓటర్లంతా అటు వెళ్లిపోయారనేగా? (కూకట్‌పల్లి పాఠకుడు)

అంత తేలిగ్గా చెప్పలేం. ముందు లోక్‌సభను లోక్‌సభతోనే పోల్చాలి.

2019లో కాంగ్రెస్ తరఫున రేవంత్ రెడ్డికి 6,03,748 ఓట్లు. టీఆర్ఎస్ (తర్వాతి బీఆర్ఎస్)పై ఆయన మెజారిటీ 10,919. 2024లో అదే కాంగ్రెస్‌కు 5,99,567. చూశారా, అయిదేళ్ల తర్వాత ఓట్లు దాదాపు అన్నే. ఓట్ల శాతం మాత్రం 38 పైనుంచి 31 దగ్గరికి పడింది. ఎందుకంటే మొత్తం పోలైనవి మూడున్నర లక్షలు పెరిగాయి, వాటిలో కాంగ్రెస్‌కు నికరంగా ఏమీ రాలేదు. బీఆర్ఎస్ దాదాపు 5.93 లక్షల నుంచి 3 లక్షలకు దిగింది. బీజేపీ 3 లక్షల పైచిలుకు నుంచి 9,91,042కు ఎగబాకింది.

ఇక్కడ ఒక తేలిక లెక్క ఊరిస్తుంది. బీఆర్ఎస్ పోగొట్టుకున్నవి 2.9 లక్షలు, కొత్తగా పోలైనవి 3.5 లక్షలు, రెండూ కలిపితే బీజేపీ పెరుగుదలకు దగ్గరగా వస్తుంది. లెక్క కుదిరింది కాబట్టి అలాగే జరిగిందనుకుంటాం. కానీ ఇవి నికర అంకెలు. బీఆర్ఎస్ నుంచి లక్షమంది కాంగ్రెస్‌కు వెళ్లి, కాంగ్రెస్ నుంచి లక్షమంది బీజేపీకి వెళ్లినా కాంగ్రెస్ గడిలో ఇదే అంకె కనిపిస్తుంది. పాత ఓటర్లలో కొందరు చనిపోయారు, కొందరు ఇల్లు మారారు, అయిదేళ్ల కింద పదమూడేళ్లున్న పిల్లలు ఓటర్లయ్యారు. మొత్తాలను చూసి మనుషుల కదలికను చెప్పడం ఎన్నికల లెక్కల్లో అందరూ జారిపడే చోటు.

మరో చిక్కు, రాకపోకలు. వెయ్యి ఓట్ల బూత్‌లో ఒక పార్టీకి ఒక ఎన్నికలో 300, తర్వాతి ఎన్నికలో 180 వచ్చాయనుకోండి. 120 మంది పార్టీ మారి ఉండొచ్చు, లేక 120 మంది అసలు రాకుండా వేరే 120 మంది వచ్చి ఉండొచ్చు. ఫారం 20లో రెండూ ఒకేలా కనిపిస్తాయి. తేడా చెప్పగలిగేది ఓటేసినవాళ్లకు గుర్తుపెట్టిన జాబితాలే, అవీ ఎవరు వచ్చారో చెబుతాయిగానీ ఎవరికి వేశారో చెప్పవు.

నిజంగా ఓటరు మనసు విడివిడిగా పనిచేస్తుందని చూపే చోటు ఒకటుంది, సికింద్రాబాద్ కంటోన్మెంట్. ఎమ్మెల్యే లాస్య నందిత మరణంతో అక్కడ శాసనసభ ఉప ఎన్నికను 2024 మే 13నే, లోక్‌సభతో కలిపి జరిపారు. ఉప ఎన్నికలో కాంగ్రెస్ 13 వేల పైచిలుకు మెజారిటీతో గెలిచింది. ఒకే రోజు, ఒకే వరుస, చేతిలో రెండు ఓట్లు. రెండు ఫారం 20 పత్రాలనూ పక్కపక్కన పెట్టి కేంద్రం వారీగా చూస్తే, ఎవరొచ్చారు ఎవరు రాలేదు అన్న గొడవ ఉండదు. వచ్చినవాళ్లు వాళ్లే. పార్టీ ఓట్లు రెండు పత్రాల్లో ఎక్కడ ఎంత తేడాగా ఉన్నాయో ఆసక్తి ఉన్నవాళ్లు స్వయంగా చూడవచ్చు. క్రాస్ ఓటింగ్ మీద గంటల తరబడి టీవీ చర్చలు వినేకంటే ఇది లాభం.

ప్రశ్న: పోలింగ్ పెరిగితే ప్రభుత్వం మీద కోపమేనట కదా? (మేడ్చల్ పాఠకుడు)

కాదు. తెలంగాణలో 2018లో సుమారు 73 శాతం, ప్రభుత్వం నిలిచింది. 2023లో అంతకంటే తగ్గి 71 శాతం చిల్లర, ప్రభుత్వం పడిపోయింది. ఆంధ్రప్రదేశ్‌లో 2019లో దాదాపు 80, 2024లో దాదాపు 82, రెండుసార్లూ పడిపోయింది. ఈ నాలుగు ఉదాహరణల నుంచి సూత్రం తీయగలిగితే మాకూ రాసి పంపండి.

ప్రశ్న: సాయంత్రం టీవీలో చెప్పిన శాతం తెల్లారేసరికి పెరిగిపోతుంది. రాత్రికి రాత్రి ఏం జరుగుతోంది? (ఎల్.బి. నగర్ పాఠకురాలు)

గంటగంటకూ చెప్పేది ఉజ్జాయింపు. ప్రిసైడింగ్ అధికారి ఎన్ని ఓట్లయ్యాయో పైకి చెబితే, అవి కలిపి యాప్‌లోకి ఎక్కుతాయి. 5 గంటల అంకె నిజానికి 4 గంటల ముప్పావుకు చెప్పినదై ఉండొచ్చు, కొన్ని కేంద్రాల నుంచి అసలు వచ్చి ఉండకపోవచ్చు. ముగింపు వేళకు వరుసలో ఉన్నవాళ్లందరికీ చివరి మనిషి దగ్గర్నుంచి చీటీలు ఇచ్చుకుంటూ వస్తారు. వాళ్లు ఓటేసేసరికి రాత్రి కావచ్చు. 2024లో ఎండల వల్ల తెలంగాణలో గడువును సాయంత్రం 6 వరకు పొడిగించారు కూడా. 2023లో చాలాచోట్ల 5కే ముగిసింది. అందుకని రెండు ఎన్నికల 5 గంటల అంకెలను పోల్చడం అర్థం లేని పని. పోల్చాల్సింది 17సిల మొత్తాన్నే.

ప్రశ్న: నాకు, మా ఆవిడకు కూకట్‌పల్లిలోనూ గుంటూరు దగ్గర మా ఊళ్లోనూ ఓట్లున్నాయి. రెండూ వేయం, ఏదో ఒకటే. ఉంచుకోవచ్చా? (కూకట్‌పల్లి నుంచి మరో పాఠకుడు)

కుదరదండీ. ఒకటే వేసినా, రెండుచోట్ల పేరుండడమే చట్టానికి విరుద్ధం. 1950 చట్టం 17వ సెక్షన్ రెండు నియోజకవర్గాల్లో పేరుండకూడదంటుంది, 18వది ఒకే నియోజకవర్గంలో రెండుసార్లు ఉండకూడదంటుంది. 1951 చట్టం ప్రకారం ఒకే ఎన్నికలో రెండు నియోజకవర్గాల్లో ఓటేస్తే రెండు ఓట్లూ చెల్లవు. ఫారం 6 నింపేటప్పుడు వేరెక్కడా నా పేరు లేదని సంతకం పెట్టి ఉంటారు. చిక్కు ఆ సంతకంతోనే.

సొంత ఇల్లు ఎక్కడుందన్నది లెక్కలోకి రాదు. మామూలుగా నివసించేది ఎక్కడన్నదే చూస్తారు. ఊళ్లో పొలమో ఇల్లో ఉన్నంతమాత్రాన అక్కడ ఓటు హక్కు రాదు. మీరు ఉంటున్నది కూకట్‌పల్లిలో కాబట్టి ఊళ్లో పేరు తీయించుకోవాలి. అందుకు అక్కడి నియోజకవర్గానికి ఫారం 7 మీ పేరుతో మీరే ఆన్‌లైన్‌లో ఇవ్వవచ్చు. ఇకముందు ఇల్లు మారినప్పుడు ఫారం 8 వాడండి. ఓటరు కార్డు సంఖ్య అదే ఉంటుంది, పాతచోట పేరు పోయి కొత్తచోట చేరుతుంది.

ప్రశ్న: కార్డు చేతిలో ఉంది, జాబితాలో పేరు లేదు. ఆధార్ చూపి ఛాలెంజ్ ఓటు అడగమని వాట్సాప్‌లో వచ్చింది. నా పేరు మీద ఎవరైనా ముందే వేసేస్తే? (నాగారం పాఠకురాలు)

ఆ వాట్సాప్ సందేశం అబద్ధం. ప్రతి ఎన్నికకూ మళ్లీ లేస్తుంది. జాబితాలో పేరు లేకపోతే ఏ కార్డు చూపినా ఓటు లేదు. ఛాలెంజ్ అంటే వచ్చిన మనిషి ఆ ఓటరు కాదని ఏజెంటు 2 రూపాయలు కట్టి అభ్యంతరం చెప్పడం. మీరు అడిగి తీసుకునేది కాదు.

మీ పేరు మీద ఎవరో వేసేశారని తెలిస్తే టెండర్డ్ ఓటు అడగండి. ప్రిసైడింగ్ అధికారి గుర్తింపు చూసి, ఫారం 17బిలో సంతకం తీసుకుని కాగితం బ్యాలెట్ ఇస్తారు. యంత్రంలో వేయనివ్వరు. ఆ బ్యాలెట్‌ను విడి కవరులో పెడతారు, మామూలు లెక్కింపులో కలపరు, కోర్టు ఆదేశిస్తేనే బయటికొస్తుంది. టెండర్డ్ ఓట్లు 14 శాతం దాటితే రీపోలింగ్ అన్నది కూడా అదే సందేశంలోని కల్పన. అయినా అడిగి తీరాలి. ఫారం 20 చివరి గడిలో ఆ కేంద్రానికి ఒక అంకె పడుతుంది, అక్కడ ఏదో తప్పు జరిగిందనడానికి అదే రికార్డు.

జాబితాను పోలింగ్ రోజు కాదు, నోటిఫికేషన్‌కు ముందే చూసుకోవాలి. నామినేషన్ల చివరి తేదీ దాటాక కొత్త పేర్లు చేర్చరు. పరిశీలనకు సమయం పడుతుంది కాబట్టి అంతకు పది రోజుల ముందే ఫారం చేరాలి. 18 నిండినవాళ్లు జనవరి 1 కోసం ఆగనక్కర్లేదు, ఏప్రిల్ 1, జులై 1, అక్టోబరు 1 కూడా అర్హత తేదీలే. ఓటరు చీటీ 2019 నుంచి గుర్తింపు పత్రంగా చెల్లదు. కార్డో, ఎన్నికల సంఘం చెప్పిన మరో ఫొటో గుర్తింపో వెంట ఉండాలి.

ప్రశ్న: మా గేటెడ్ కమ్యూనిటీలో 900 ఫ్లాట్లున్నాయి. బూత్ రెండు కిలోమీటర్ల అవతల బడిలో. లోపలే పెట్టించుకోగలమా? (శేరిలింగంపల్లి పాఠకుడు)

అడగవచ్చు. పోలింగ్ కేంద్రాల హేతుబద్ధీకరణ (ఏ కేంద్రం ఎక్కడ ఉండాలి, దాని కిందికి ఎవరు రావాలన్నది సరిచూసే పని) జరిగే రోజుల్లో ఓటరు నమోదు అధికారికి రాసివ్వండి. ఎన్నికల ప్రకటన వచ్చాక అడిగితే ఎవరూ వినరు. గది కింది అంతస్తులో ఉండాలి, కనీసం 20 చదరపు మీటర్లు, లోపలికి, బయటికి వేరువేరు దారులుంటే మంచిది. ర్యాంపు, కరెంటు, నీళ్లు, మరుగుదొడ్డి కావాలి. 200 మీటర్ల లోపు పార్టీ కార్యాలయం ఉండకూడదు. క్లబ్‌హౌస్ మొదటి అంతస్తులోని ఏసీ హాలు చూపిస్తే తిరస్కరిస్తారు. సెల్లార్ కూడా సాధారణంగా పనికిరాదు.

మీ అసోసియేషన్ ముందే ఒప్పుకోవాల్సిన సంగతి ఒకటుంది. ఆ కేంద్రం మీ ఒక్కరిదే కాకపోవచ్చు. గేటు బయటి బస్తీ ఓటర్లు కూడా అదే భాగంలో ఉంటే ఆ రోజు వాళ్లందరూ లోపలికి వస్తారు, ఏజెంట్లు వస్తారు, సెక్యూరిటీ గార్డు రిజిస్టర్‌లో సంతకం అడగడానికి వీల్లేదు. ఈ మాట దరఖాస్తులోనే రాసి, కమిటీ తీర్మానం నకలు జతచేయండి. ఇక 900 ఫ్లాట్లలో ఎన్ని పేర్లు ఆ భాగంలో ఉన్నాయో ముందే లెక్క తీసి ఇవ్వండి. అద్దెవాళ్లు ఎక్కువైన చోట్ల అది అనుకున్నదానికంటే తక్కువే తేలుతుంది, అందుకని ఫారం 6, ఫారం 8 శిబిరం మొదట పెట్టి, దరఖాస్తు తర్వాత పెట్టండి.